ముద్ర పడకముందే నోరు విప్పిన ముంగిస

సువర్చల నోరు జారింది. జరిగిన తప్పల్లా అదే.

అడవి విద్యాపీఠంలో మూలికలు బోధించే ముంగిస సువర్చల. సీతాఫలం గింజలు నూరి, వేప పసరులో కలిపి పూస్తే ఒంటికి పట్టి నెత్తురు తాగే గోమార్లన్నీ జలజలా రాలిపోతాయని కనిపెట్టింది. ఆ అడవిలో ఎవరు ఏం కనిపెట్టినా ముందు ఏనుగు గజపతయ్య దగ్గరికి వెళ్లాలి. ఆయన తడిమట్టి పలక మీద కాలు మోపి ముద్ర వేస్తే దాని మీద హక్కు వాళ్లది. సువర్చలకి అంత ఓపికెక్కడిది? నేరుగా వార్షిక సభ వేదికెక్కి, ఏది ఎంత కలపాలో పాళ్లతో సహా చెప్పేసింది.

"ఎలా ఉందే నా ప్రసంగం?" అని దిగగానే గేదె నీలవేణిని అడిగింది.

"చాలా బాగుందే. అంత మంచి నిద్ర పట్టి ఎన్నాళ్లయిందో!"

సభ సభంతా గుర్రు పెట్టింది. మేలుకున్నది ఒక్క నక్క కామయ్యే. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఈ మాట అంత దూరం పోలేదు, తిన్నగా కామయ్య వెంట గజపతయ్య గుమ్మానికే పోయింది.

తెల్లారేసరికి కామయ్య ఊరేగుతున్నాడు. "గోమార్ల పసరు నాది! ముద్ర పడగానే అమ్మకం. పూయించుకున్న ప్రతి గేదే పూటకో కుండెడు పాలు నాకు పొయ్యాలి!"

"పూటకో కుండా?" నీలవేణి బావురుమంది. "మరి నా దూడ ఏం తాగాలే?"

సువర్చల గజపతయ్య దగ్గరికి పరుగెత్తింది. "అయ్యా, అది నాది! నిన్న సభలో చెప్పాను. మీరూ ముందు వరసలోనే ఉన్నారు!"

"ఉన్నాను తల్లీ. అబద్ధమెందుకు, నేనూ పడుకున్నాను."

"విన్నవాడే లేనప్పుడు చెప్పినట్టెలా అవుతుంది పంతులమ్మా?" అన్నాడు కామయ్య మీసం దువ్వుకుంటూ.

గజపతయ్య చెవులు విసిరాడు. "రేపు పొద్దున ఎవరి పసరు వాళ్లు కలుపుకొచ్చి, నా ఎదుట ఎవరి ఒంటికి వాళ్లు పూసుకోండి. రెండూ పనిచేస్తే మాత్రం ముందొచ్చిన కామయ్యకే ముద్ర."

పాళ్లన్నీ నక్కకి కంఠోపాఠం. సొమ్మొకడిది, సోకొకడిది! నీలవేణితో కలిసి తిట్టుకుంటూ వస్తున్న సువర్చలకి పొద చాటున ఒక తోక ఆడుతూ కనిపించింది. ఇంకేమైనా రహస్యం దొరుకుతుందేమోనని కామయ్య వెంటబడ్డాడన్నమాట. అప్పుడు వెలిగింది ఆమెకి. పండితులెవరూ సభలో గెలుపు తప్ప ఓటమి చెప్పరు. ఆమె కూడా చెప్పలేదు. మొదటిసారి ఆ పసరులో దురదగొండి నూగు వేసి నీలవేణికి పూసింది. నీలవేణి గోక్కోవడానికి ఒరుసుకున్న దెబ్బకి విద్యాపీఠం గోడ కూలింది.

"నీలవేణీ!" అని గట్టిగా అంది సువర్చల. "అసలు మందు సభలో దాచేశానులే. దురదగొండి నూగు గుప్పెడు పడితేనే పసరుకి బలం!"

నీలవేణి నోరు తెరిచింది. "అదేమిటే! అది పూసిన రోజే కదా నేను వెళ్లి గోడని..."

సువర్చల ఆమె తోక కొరికింది.

"...గోడని ఆనుకుని హాయిగా పడుకున్నాను!" అంది నీలవేణి కళ్లనీళ్లతో.

పొదలో తోక ఆనందంతో ఊగిపోయింది.

మర్నాడు అడవంతా మూగింది. సువర్చల తన పసరు రాసుకుంది, గోమార్లు టపటపా రాలాయి. కామయ్య ముక్కు నుంచి తోక దాకా దట్టంగా పట్టించాడు. కాసేపు దొంగకు తేలు కుట్టినట్టు బిగబట్టాడు. ముందు ఒక చెవి వణికింది. తర్వాత కాలు. ఆపైన నక్క మొత్తం.

"ఏమయ్యా, గోమార్లు రాలుతున్నాయా?" అన్నాడు గజపతయ్య.

"రాలు... అబ్బా... అవేమో గానీ నేనే రాలిపోయేట్టున్నాను!" కామయ్య దొర్లాడు, గెంతాడు, చివరికి వెళ్లి గజపతయ్య కాలికే వీపు రుద్దుకున్నాడు. కోతులు తాళం వేశాయి.

"అందులో ఏం కలిపావురా?"

"దురదగొండి! ఈవిడే కలపమంది! నిన్న పొద చాటున నా చెవులారా విన్నాను!"

"ఓహో! అయితే నువ్వు విన్నవాడివే గానీ కనిపెట్టినవాడివి కాదన్నమాట," అని గజపతయ్య మట్టి పలకని సువర్చల వైపు జరిపి దబ్బున కాలు మోపాడు.

కామయ్య మడుగు వైపు పరుగో పరుగు. "కామయ్యా! ఆ దురద పసరు మీద హక్కు మాత్రం నువ్వే ఉంచుకో, ఉచితం!" అని కేకేసింది సువర్చల.

పసరు కలిపి అమ్మే పని కోతులకి అప్పజెప్పింది. పసరుకి ధరగా వచ్చిన పళ్లలో సగం వాళ్లకి, సగం కూలిన విద్యాపీఠం గోడకి. దూడలకి మాత్రం ఊరికే.

చెప్పుకోవాల్సింది ఎంత గొప్పదైనా, ముందు ముద్ర, తర్వాతే ముచ్చట. మరుసటేడు సభలో అందరూ కళ్లు నులుముకుని మేలుకుని, "కొత్తగా ఏం కనిపెట్టావమ్మా?" అని బతిమాలారు. సువర్చల వేదికెక్కి, "గజపతయ్యగారి కాలు పడ్డాక చెబుతాను," అని దిగిపోయింది. ఆ పై ఏడూ అంతే.