పొట్టేలి కాలి నల్లతాడు

అనగనగా అంటే ఏ కాలమని అడక్కండి. పొట్టేళ్లు ఇంకా మాట్లాడుతున్న కాలం. ఎంత చెప్పినా మనం వినమని తెలిశాక అవి మాట్లాడడం మానేశాయి.

ఆ కాలంలో గరికపురం అనే రాజ్యం ఉండేది. గరిక పేరులో ఉంది గానీ నేల మీద లేదు. ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. వాగులు ఎండిపోయాయి. గొర్రెలు ముళ్లకంపల చుట్టూ తిరిగి తిరిగి, కంపల్లాగే అయిపోయాయి. పచ్చగా ఉన్నది ఒక్క చోటే, ఏటి ఒడ్డున రాజుగారి పచ్చిక బీడు. దానికో కంచె, కంచెకో కాపలావాడు, కాపలావాడికో కుక్క.

రాజు పేరు వీరకేతు. ఆయన యుద్ధాలు చేసినట్టు ఎవరూ చూడలేదు గానీ, విందులు చేయడం అందరూ చూశారు. ఒకనాడు ఆయన ఊరూరా దండోరా వేయించాడు.

"అమావాస్య దాటాక రాజుగారి కోటలో పెద్ద విందు. పెళ్లికాని పిల్లలెవరైనా సరే, తమ చేతులతో పెంచిన పొట్టేలును తేవచ్చు. అన్నింటిలోకీ మంచిదాన్ని ఎంచి వండుతారు. దాన్ని పెంచినవారి మంద ఎండాకాలమంతా రాజబీడులో మేయవచ్చు."

పెద్దవాళ్లను ఎందుకు పిలవలేదంటారా? కిందటేడు వాళ్లనే పిలిచారు. పొట్టేళ్లకంటే ముందు వాళ్లే కుమ్ముకున్నారు.

ఆ రాజ్యంలో ఒక గొల్లపల్లె. ఆ పల్లెలో కొమురమ్మ అనే పిల్ల. వాళ్ల మందలో తల్లి గొర్రెలకు పాలు ఇంకిపోతున్నాయి. పిల్లలు నిలబడలేక నిలబడుతున్నాయి. రాజబీడు దక్కితే మంద బతుకుతుంది, దక్కకపోతే లేదు. అయ్య ఆ మాట పైకి అనలేదు. రోజూ పొద్దున్నే లేచి ఆకాశం వైపు చూసి, కొమురమ్మ వైపు చూసేవాడు. అంతకంటే చెప్పడానికేముంది?

కొమురమ్మ ఒక పొట్టేలును పెంచింది. కోతకు పెంచే జీవానికి పేరు పెట్టకూడదని ఆ పల్లె ఆచారం. అందుకని ఆమె పెట్టలేదు. పొట్టేలే తనకో పేరు పెట్టుకుంది. గజేంద్రుడు.

"ఏనుగువా నువ్వు?" అంది కొమురమ్మ.

"పిలిచేవాళ్లు ఎలాగూ లేరు. పేరైనా పెద్దది ఉండనీ," అంది పొట్టేలు.

పున్నమి వెళ్లిన కొన్నాళ్లకు గజేంద్రుడికి కడుపులో నట్టలు, అదే పురుగులు, పడ్డాయి. మేత మానేసింది. దవడ కింద నీరు దిగింది. ఇరుగుపొరుగువాళ్లు, "విందు దాకా ఎలాగో నెట్టుకురా, మందు పోశావంటే చిక్కు," అన్నారు. కొమురమ్మ వినలేదు. నొప్పితో నిలబడ్డ జీవాన్ని చూస్తూ కూర్చోలేక నట్టల మందు తాగించింది. వెంటనే దాని ముందుకాలికి నల్ల ఉన్నితాడు కట్టింది.

ఆ తాడు సంగతి చెప్పాలి. మందు తాగిన జీవం కాలికి నల్లతాడు కట్టడం గరికపురం కాపరుల కట్టుబాటు. అమావాస్య దాటేదాకా తాడు విప్పరు. తాడున్న జీవాన్ని అమ్మరు, కోయరు. ఆ మందు జీవానికి మేలే గానీ, అది ఒంట్లో ఉండగా మాంసం తిన్నవాడికి కడుపు మెలిపెట్టేస్తుంది. దొంగలు కూడా నల్లతాడు ఉన్నదాన్ని ముట్టరు. వాళ్లకూ కడుపులున్నాయి కదా.

మందు పనిచేసింది. గజేంద్రుడు మళ్లీ మేసింది, నిగనిగలాడింది. విందు అమావాస్య దాటాకే కాబట్టి కొమురమ్మ నిశ్చింతగా ఉంది.

ఇంతలో మళ్లీ దండోరా. రాజుగారి అల్లుడు ముందే వచ్చేస్తున్నాడట. విందు ఎల్లుండే.

మర్నాడు తెల్లవారుజామునే కొమురమ్మ పొట్టేలుతో బయలుదేరింది. ఊరి పొలిమేర దాటాక ఆగింది. అటూ ఇటూ చూసింది. వంగి, దాని కాలి తాడు విప్పి కొంగున ముడేసుకుంది.

"తాడేది?" అంది గజేంద్రుడు.

"ఊడిపోయింది."

"కాలు నాది కదా. ఊడడానికీ విప్పడానికీ తేడా నాకు తెలుస్తుంది."

కొమురమ్మ కొంగు ముడి ఇంకాస్త బిగించింది.

"రాజుగారితో నిజం చెప్పేయరాదూ," అంది గజేంద్రుడు నెమ్మదిగా.

"చెబితే నిన్ను కోయరు. అందుకేగా నీ నీతులు?"

"అందుకే," అని ఒప్పుకుంది పొట్టేలు. "నాకు లాభం ఉన్నంత మాత్రాన నిజం అబద్ధమైపోతుందా?"

జవాబు లేనప్పుడు అందరూ చేసే పనే కొమురమ్మా చేసింది. "నోర్మూసుకొని నడువు," అంది.

దారిలో పక్క ఊళ్ల కుర్రాళ్లిద్దరు కలిశారు. ఒకడు జక్కులు, వాడికి తొందరెక్కువ. ఇంకొకడు సాయిలు, వాడికి తెలివెక్కువ అని వాడే చెప్పుకుంటాడు. కొమురమ్మ పొట్టేలును ఆపి ఆపి, నీడ దొరికినచోట కూర్చోబెట్టి, నీళ్లు తాగించి మెల్లగా నడిపిస్తోంది.

"ఏం కొమురీ, పొట్టేలును తీసుకొస్తున్నావా, మీ ముత్తాతను తీసుకొస్తున్నావా?" అన్నాడు జక్కులు. తన పొట్టేలు డొక్కల మీద కర్రతో రెండు వేసి, పరుగెత్తిస్తూ ముందుకు పోయాడు.

సాయిలు చెట్టు కింద ఆగి, తన పొట్టేలుకు దోసిలి నిండా ఉప్పు తినిపిస్తున్నాడు.

"ఎందుకురా అంత ఉప్పు?" అంది కొమురమ్మ.

"కోట దగ్గర నీళ్లతొట్టి ఉంటుంది. ఉప్పు తిన్నది ఊరుకుంటుందా? తొట్టెడు నీళ్లూ తాగుతుంది. త్రాసు మీద అదీ బరువేగా," అని కన్నుగీటాడు సాయిలు. "నీకు చెప్పానని ఎవరికీ చెప్పకు."

తన కొంగున ముడి ఉండగా ఎవరికని చెబుతుంది?

కోటలో పొట్టేళ్లను ఎంచే పని పాకశాల పెద్ద ముత్యాలవ్వది. ఆమె మాటకు రాజు కూడా ఎదురాడడు. ఎదురాడితే ఆ పూట పులుసులో ఉప్పుండదు. మర్నాడు పొద్దున విందు పందిరి కింద రాజు కూర్చున్నాడు. పక్కనే అల్లుడు కూర్చున్నాడు. విందు ముందుకు జరగడంతో వచ్చినవి మూడే పొట్టేళ్లు. ముత్యాలవ్వ వాటి మధ్యకు వచ్చింది.

మొదట చేత్తో ఒళ్లు తడిమింది. జక్కులు పొట్టేలు డొక్కల దగ్గర చేయి పెట్టగానే అది వణికింది.

"ఎన్ని వేశావురా నాయనా?"

"నేనెక్కడ వేశాను అవ్వా? అదే పరుగెత్తింది."

"పరుగెత్తితే డొక్కల మీద వాతలు తేలతాయా? దెబ్బ తగిలినచోట మాంసం నల్లగా కమిలిపోతుంది. కోసి పారేయాలి. బెదిరి రొప్పిన దాని కూర ఎంత ఉడికినా నార నారగా సాగుతుంది. పక్కకు తీసుకుపో."

రెండోసారి అన్నింటినీ తూకం వేయించింది. అప్పుడే తొట్టెడు నీళ్లు తాగొచ్చిన సాయిలు పొట్టేలుతో త్రాసు నేలకు ఆనింది. సాయిలు చుట్టూ చూశాడు, అందరూ చూస్తున్నారో లేదోనని. ముత్యాలవ్వ తొందరపడలేదు. "ఎండగా ఉంది. కాసేపు నీడన కట్టేయండి," అని తన పని తాను చూసుకుంది.

ఎండ నడినెత్తికి వచ్చేలోగా సాయిలు పొట్టేలు నీడంతా తడిపేసింది. అక్కడ ఓ చిన్న వాగు పారింది. కరువు కాలంలో అది చూడముచ్చటగా ఉందని అల్లుడు అన్నాడు. మళ్లీ తూచేసరికి త్రాసు గాల్లోకి లేచింది.

"నీ పొట్టేలు బరువు అంతా నేల తాగేసిందిరా," అంది ముత్యాలవ్వ. "పాపం, దాని కడుపులో మంట తగ్గేదాకా మంచినీళ్లు పెడుతూ ఉండు."

ఇక మిగిలింది గజేంద్రుడు. ఒంటి మీద దెబ్బ లేదు. కడుపులో నీళ్ల మోసం లేదు. బెదురు లేకుండా నిలబడి, రాజుగారి పందిరికి కట్టిన మామిడాకులు ఎంత దూరంలో ఉన్నాయో అంచనా వేస్తోంది.

మూడోసారి ముత్యాలవ్వ చేత్తో తడమలేదు, త్రాసు తెమ్మనలేదు. ఒక మాట అడిగింది.

"ఈ మధ్య దీనికి జబ్బేమైనా చేసిందా తల్లీ? మందేమైనా పట్టావా?"

కొమురమ్మ కొంగు ముడి పట్టుకుంది. లేదు అంటే రాజబీడు. రెండక్షరాలు. ఇంటి దగ్గర మంద కళ్లముందు మెదిలింది. గజేంద్రుడు ఆమె వైపు చూసి, మర్యాదగా తల పక్కకు తిప్పుకుంది.

అప్పుడే పందిరి కింద ఏదో టకటకమని చప్పుడైంది. రాజుగారి చిన్న మనవరాలికి కొత్తగా పళ్లు వస్తున్నాయి. చెక్క గరిటె పట్టుకొని దాన్ని నమిలి, నేలకేసి కొడుతోంది. గరికపురంలో విందు ఎవరిదైనా మెత్తటి మొదటి ముక్క ఇంట్లో అందరికంటే చిన్న నోటికే పెడతారు. ఆ సంగతి కొమురమ్మకూ తెలుసు. కానీ ఆ నోటిని ఇప్పుడే చూసింది.

"నట్టల మందు పట్టాను అవ్వా," అంది. "అమావాస్య దాటలేదు."

"మరి తాడేది?"

"నేనే విప్పేశాను."

జక్కులు, సాయిలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రాజు లేచి నిలబడ్డాడు.

"తాడు విప్పి నా వాకిట్లోకి తెచ్చావా? ఆ బిడ్డకేమైనా అయ్యుంటే?"

"అందుకే చెప్పాను ప్రభూ," అంది కొమురమ్మ తల దించుకొని. "ఇక ఏ శిక్షయినా వేయండి."

"శిక్ష సంగతి తర్వాత," అన్నాడు రాజు. "ముందు నా విందు సంగతేంటి? ఒకటి కమిలింది, ఒకటి ఉబ్బింది, ఒకటి మందు తాగింది. అల్లుడు వచ్చి కూర్చున్నాడు."

"అల్లుడుగారికి ఇవాళ పప్పూ, దోసకాయ పచ్చడీ," అంది ముత్యాలవ్వ. "అమావాస్య దాటాక మాంసం. అప్పటిదాకా ఆయన ఉండరా ప్రభూ?"

రాజు దీర్ఘంగా నిట్టూర్చాడు.

"ఉంటాడు. నా బాధ అదే."

తీర్పు ముత్యాలవ్వే చెప్పింది. అమావాస్య దాకా ముగ్గురు పిల్లలూ, మూడు పొట్టేళ్లూ కోట దొడ్డిలోనే ఉండాలి. జక్కులు తాను కొట్టిన చోటల్లా రోజూ పసుపు, నూనె రాయాలి. వాడు చేయి చాచినప్పుడల్లా పొట్టేలు వెనక్కి జరిగేది. దాన్ని మచ్చిక చేసుకోవడానికి వాడు, పుట్టినప్పటినుంచీ ఎరగని ఓపిక నేర్చుకున్నాడు. సాయిలు బావిలోంచి నీళ్లు తోడి తన పొట్టేలుకు కొంచెం కొంచెంగా తాగించాలి. నీళ్ల బరువెంతో వాడి భుజాలకు బాగా తెలిసొచ్చింది. కొమురమ్మ అందరి ముందూ నల్లతాడు మళ్లీ కట్టాలి. పైగా ఆ ఇద్దరికీ మేత ఎప్పుడు వేయాలో, దొడ్డి ఎలా ఊడ్చాలో, తాడు ఎందుకు కట్టాలో, ఎందుకు విప్పకూడదో నేర్పాలి.

"నువ్వు విప్పావుగా," అన్నాడు సాయిలు మొదటి రోజు.

"విప్పాను కాబట్టే గట్టిగా చెబుతున్నా," అంది కొమురమ్మ. "ముందు ఆ పెంటెత్తు."

అమావాస్య దాటింది. ముత్యాలవ్వ వచ్చి మూడు పొట్టేళ్లనూ చూసింది. ఏదీ చేయి పెడితే వణకలేదు. ఏదీ ఉబ్బి లేదు. అయినా అన్నింటిలోకీ నిండుగా ఉన్నది గజేంద్రుడే. ముత్యాలవ్వ స్వయంగా తాడు విప్పింది.

రాజు కొమురమ్మను పిలిచాడు.

"తాడు విప్పినందుకు శిక్ష వేద్దామనుకున్నాను. ఎవరూ పట్టుకోకముందే చెప్పినందుకు బీడు ఇద్దామనుకున్నాను. రెండూ తూచి చూశాను, బీడు వైపే మొగ్గింది. మంద తెచ్చుకో."

కొమురమ్మ దణ్ణం పెట్టింది. తర్వాత పలుపు పట్టుకొని గజేంద్రుడితో పాకశాల వెనక్కి నడిచింది. అరవలేదు, లాగలేదు.

"నిజం చెప్పమన్నది నేనే," అంది పొట్టేలు.

"నువ్వే."

"దానికి నాకు దక్కింది ఇన్నాళ్ల మేతేనా?"

"అంతే," అంది కొమురమ్మ. అబద్ధం చెప్పడం ఆమెకు అప్పటికే చేతకాకుండా పోయింది.

గజేంద్రుడు కాసేపు నెమరువేసింది.

"మేత బాగుండింది," అంది.

ముత్యాలవ్వ కత్తికి పదునెక్కువ, చేతికి తడబాటు తక్కువ. జీవం బెదిరేలోపే పని అయిపోయింది. కొమురమ్మ చివరిదాకా దాని మెడ మీద చేయి తీయలేదు.

ఆ పూట విందులో మాంసం వెన్నలా ఉందని అందరూ చెప్పుకున్నారు. మొదటి ముక్క మనవరాలు తింది. తిని, గరిటె పారేసి, ఇంకా కావాలని చేయి చాచింది. అల్లుడు వెళ్తానని అన్నాడట, మళ్లీ మనసు మార్చుకున్నాడట. ఆ కథ వేరు.

కొమురమ్మ పంక్తిలో కూర్చోలేదు. ఊరికి పోయి అయ్యతో కలిసి మందను తెచ్చుకుంది. బీడు కంచె తీయగానే తల్లి గొర్రెలు పచ్చికలో మూతులు పెట్టాయి. కాసేపు ఆ బీడంతా కసకస కొరికే చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. పిల్లలు తల్లుల కింద దూరి పాలకోసం కుమ్మాయి.

పిల్లలూ, జీవాన్ని పెంచేవాడు చూపిన దయ, దాచిన తప్పు రెండూ చివరకు తినేవాడి పళ్లెంలోకే చేరతాయి. కాబట్టి బతికినన్నాళ్లు దాన్ని నొప్పించకుండా చూసుకోవాలి, దాని సంగతి అడిగినవాడికి ఉన్నదున్నట్టు చెప్పాలి.