మేక ముట్టని ఆకు

చెరుకుతోట పక్కన గొడ్లపాకలో ఎద్దు బసవయ్య మూడు వారాలుగా దగ్గుతూనే ఉన్నాడు. వచ్చే సోమవారానికి తగ్గకపోతే సంతకు తోలుకెళ్ళి అమ్మేస్తానని యజమాని తెగేసి చెప్పాడు. ఆ మాట విన్నప్పటి నుంచి మేక చుక్కమ్మకు మేత సయించడం లేదు.

అది చాలనట్టు, ఆ నక్క వైద్యుడొకడు! రోజూ పొద్దున్నే నలిపిన ఎండాకుల మూటతో దిగుతాడు. దాని దగ్గరికి ఎవర్నీ రానివ్వడు. గుప్పెడు ఆకు బసవయ్య నోట్లో కుక్కి, ఒక కోడిగుడ్డు పట్టుకుపోతాడు. బసవయ్య బతకాలని కోడి ఎర్రమ్మ ఏడుస్తూనే ఇచ్చేది. పొదగడానికి ఒక్క గుడ్డు మిగిలితే ఒట్టు!

ఆ రోజు నక్క మూట విప్పగానే చుక్కమ్మకు తెలిసిన వాసనేదో తగిలింది.

“ఏం వైద్యులుగారూ, దగ్గు తగ్గదేం?”

“దగ్గుకు పేరుపడ్డ అసలైన అడ్డసరం ఆకమ్మా! మిట్టమధ్యాహ్నం బండమీద ఫెళఫెళలాడేలా ఎండబెట్టాను.”

“మందాకును నీడన కదా ఆరబెట్టేది? ఎండకు సారం పోదూ?”

“పోనీలేవే చుక్కమ్మా,” దగ్గుతూనే అన్నాడు బసవయ్య. “ఆయనకు తెలీదా?”

“నీ పోనీలే వల్లే ఇంత దూరం వచ్చింది మావా!”

నక్కకు ఒళ్ళు మండింది. “నీకేం తెలుసే? కనబడ్డ చెత్తంతా నమిలే నోరు నీది. అంతటి నువ్వు కూడా ముట్టని చేదాకు ఈ అడ్డసరం. నాకు పాఠాలు చెబుతావా?”

“ఆ ముక్క మళ్ళీ చెప్పు. అందరూ వినాలి.”

“వందసార్లు చెబుతా. మేక అడ్డసరం ముట్టదు!”

చుక్కమ్మ తిన్నగా వెళ్ళి మూటలో మూతి పెట్టింది. కరకరా నమిలింది. మూటంతా ఖాళీ చేసి, గుడ్డ కూడా నాకింది.

“రేగాకు!” అంది తలెత్తి. “పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తింటున్నా.”

“అదీ... ఆకలేసి తిన్నావు గానీ...”

“ముట్టదన్నది నువ్వే కదరా!”

ఈసారి బసవయ్య పోనీలే అనలేదు. కొమ్ములు వంచాడు. నక్క వైద్యుడు మూటగుడ్డ వదిలేసి కంచె దూకాడు.

“అవి నా పిల్లలురా, పిల్లలు!” వెనకనుంచి గొంతు చించుకుంది ఎర్రమ్మ.

“ఏడవకొదినా,” అంది చుక్కమ్మ. “కంచె చివర నేను రోజూ మూతి తిప్పుకుని దాటిపోయే పొద ఉందే, అదీ అడ్డసరం. నువ్వు ముక్కుతో తెంపు. చూరు నీడన ఆరబెడదాం.”

సోమవారం బసవయ్య సంతకు వెళ్ళాడు, చెరుకుబండి లాగుతూ. సాయంత్రానికి తిరిగొచ్చాడు, అదే బండితో. పాకలో ఎర్రమ్మ గుడ్లమీద కూర్చుని ఉంది.

నీతి: అడిగినవాళ్ళను ‘నీకేం తెలుసు’ అని కసిరేవాడి మందును, మింగకముందే పరీక్షించాలి.