నిమ్మళేశ్వరుడి నూటయేడు కలశాలు

రండి తల్లీ, రండి నాయనా, వెనకున్నవాళ్లు కాస్త ముందుకు జరగండి. నిమ్మళేశ్వరస్వామి ఆవిర్భవించిన ముచ్చట దగ్గరగా కూర్చుని వింటేనే రుచి.

పూర్వం ఈ ఎర్రకొండ పాదాన కోనమ్మ అనే కుమ్మరి ఇల్లాలు ఉండేది. కొండమీది అమ్మవారికి వైశాఖ పూర్ణిమనాడు నూటయెనిమిది కొత్త కలశాలతో అభిషేకం జరపడం ఆచారం. ఆ కలశాలు సమర్పించే మహాభాగ్యం తరతరాలుగా ఆమె ఇంటిదే. ఆమె చేతిలో మన్ను వెన్నలా తిరిగేది గానీ, కుండలు పేర్చి ఆవం మూసి నిప్పు పెట్టాక మనసు నిలిచేది కాదు. కాలాయో లేదోనని పైనున్న మట్టిపూత తొలగించి తొంగిచూసేది. చల్లగాలి చొరబడి కుండలు పటపటా పగిలేవి. ఆ యేడు రెండు ఆవాలు అలాగే పోయాయి. పూర్ణిమ నాలుగు రోజుల్లో పడింది, మన్ను ఒక్క ఆవానికే మిగిలింది. ఇదీ తప్పితే ఆ భాగ్యం పొరుగూరి కుమ్మరులకు పోతుంది.

"ఏమే, దీన్నైనా కాలనిస్తావా, దీన్నీ పలకరించి వస్తావా?" అని మగడు చెన్నప్ప వేళాకోళమాడాడు.

అంతలో దాహానికని ఆగిన ఋజుపాదుడనే యోగి, మూడో ఆవానికి నిప్పు పెట్టి అప్పుడే దానిమీదికి చెయ్యి చాస్తున్న ఆమెను చూసి, "తల్లీ, కుండ పగిలితే పగిలేదెవరు?" అని అడిగాడు.

"ఇంకెవరు సామీ, నేనే!"

ఆయన ఫక్కున నవ్వాడు. "నీ దిగులుకు వేరు అక్కడుందమ్మా. నీవు కానిదాన్ని నీవనుకోవడమే అవిద్య. 'నేను' అనే పట్టు, మెప్పు మీద మమకారం, మాటపడటమంటే రోత, ఉన్నది పోతుందన్న భయం, అన్నీ దాని కొమ్మలే. చెయ్యి ఆవం మీదికి పోబోయినప్పుడల్లా అరచేతులు నేలకానించి, నిండుగా ఊపిరి విడిచి, చూసే నేను వేరు, కాలే కుండ వేరు అనుకో."

"ఊపిరి విడిస్తే కుండలు కాలతాయా సామీ?"

"కుండల సంగతి నిప్పు చూసుకుంటుంది. నువ్వు కాలకుండా ఉంటే చాలు."

గాలి లేచింది, లోపలేదో టప్పుమంది. కోనమ్మ చెయ్యి లేచింది, మళ్లీ నేలకానింది. ఆవం చల్లారాక విప్పి వేలితో తడితే నూటయేడు కలశాలు కంచుగంటల్లా మోగాయి, ఒక్కటి మాత్రం రెండు చెక్కలై ఉంది. చెన్నప్ప నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. కోనమ్మ, "పగిలింది కుండేనయ్యా, నేను నిక్షేపంగా ఉన్నా!" అని పకపకా నవ్వింది. ఆ నవ్వు ముగిసేలోగా పెంకుల నడుమ, వెచ్చని బూడిదలో, నల్లని శివలింగం నిగనిగలాడింది! ఊరంతా "నూటయెనిమిదోది సామే!" అంటూ కలశాలు నెత్తికెత్తుకుని, కోనమ్మను ముందుంచి, పాడుతూ కొండెక్కింది.

ఆమె మనసు నిమ్మళించినచోట వెలసినవాడు గనుక నిమ్మళేశ్వరుడైనాడు. నేటికీ ఆ పూర్ణిమకు స్వామికి అభిషేకం నూటయేడు కలశాలతోనే. నూటయెనిమిదో కలశానికి బదులు, వచ్చినవాళ్లంతా అరచేతులు నేలకానించి ఒక్కసారిగా ఊపిరి విడుస్తారు. మీరూ ఇంటికెళ్లాక, గుండె దడదడలాడినప్పుడల్లా ఆ ఒక్క పని మరవకండి, మళ్లీ మళ్లీ చేయండి. ఏదీ, చేతులు నేలకానించండి!