అంకె పక్కన మాట

హైమవతికి వచ్చిన చిక్కల్లా, ఖలీల్ సాహెబ్ ఇంకా కాగితాలు చదువుతూ కూర్చోవడమే.

వరద అంచనా కేంద్రంలో ఆయన ఆమెకు గురువు. ముప్పై ఏళ్లుగా నది లెక్కలు చూస్తున్న మనిషి. వానాకాలం వస్తే కంప్యూటర్ రోజూ అరవై చోట్ల నీళ్లు ఎంత ఎత్తుకు వస్తాయో లెక్కగట్టి, చోటుకొక ఫైలు చొప్పున పేజీలకు పేజీలు రాసిపోస్తుంది. ఆయన వాటిని అచ్చు తీయించి, మొదటి నుంచి చివరిదాకా చదివేవాడు.

హైమవతి ఒక చిన్న ప్రోగ్రాం రాసింది. అది ప్రతి ఫైల్లో "గరిష్ఠ మట్టం" అన్న మాటను వెతికి, దాని వెనకే వచ్చే అంకెను రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అనే వెతుకుడు సూత్రంతో పట్టి, పట్టికలో పెడుతుంది. అరవై ఫైళ్లూ అరనిమిషంలో అయిపోయాయి. ఆ ఉదయం సాహెబ్ ఇంకా చదువుతుండగానే, ఆమె ఆ పట్టికను కలెక్టరు ఆఫీసుకు పంపేసింది. ఎక్కడా ప్రమాదం లేదని కింద ఒక ముక్క రాసింది కూడా.

భోజనాలయ్యాక ఆయన దగ్గరికి వచ్చి, "ఇక ఇవన్నీ చదవడం దేనికి సార్?" అంది.

ఆయన లేచి ఆమె కంప్యూటర్ దగ్గరికి వెళ్లాడు. ఆమె కుర్చీలో కూర్చుని, రెండు వేళ్లతో ఏదో టైపు చేసి, ఆ ఫైళ్లలో కలిపాడు. మళ్లీ నడపమన్నాడు.

పట్టికలో అరవై ఒకటో వరస వచ్చింది. 14.20 మీటర్లు. ఇది ఏ ఊరని అడిగాడు. ఆమెకు తెలియలేదు. ఫైలు తెరిచింది.

అది సాహెబ్ ఇప్పుడే టైపు చేసిన ఉత్తరం. "అమ్మా హైమా, మా మేడ మీద ట్యాంకు పొంగింది. గరిష్ఠ మట్టం: 14.20 అని ఎవరైనా అంటే నమ్మకు."

నవ్వు రాబోయి ఆగిపోయింది. అంకెను తెచ్చిన ప్రోగ్రాం, "నమ్మకు" అన్న మాటను అక్కడే వదిలేసి వచ్చింది.

ఆమె అసలు ఫైళ్లు ఒక్కొక్కటే తెరవడం మొదలుపెట్టింది. ఇరవై మూడోది నేరేడులంకది. గరిష్ఠ మట్టం: 6.10. దాని కింద ఇంకో వరస ఉంది. "లెక్క మధ్యలో ఆగిపోయింది. ఈ అంకె వాడరాదు."

ఆ లంకలో నాలుగు వందల గడప. వాళ్లకు భయం లేదని పొద్దున రాసింది తనే.

సాహెబ్ కలెక్టరు ఆఫీసుకు ఫోను కలిపి, రిసీవరు ఆమె చేతికిచ్చాడు. పట్టిక తప్పని, ఆ తప్పు తనదని ఆమె రెండుసార్లు చెప్పింది. నేరేడులంక లెక్కను మళ్లీ నడిపితే 9.40 వచ్చింది, ప్రమాద హద్దుకు చాలా పైన.

చీకటి పడేలోగా పడవలు లంకను ఖాళీ చేశాయి. మర్నాడు పొద్దున, అక్కడ ఇళ్ల కప్పులు మాత్రమే కనిపిస్తున్నాయని కబురు వచ్చింది.

హైమవతి మెల్లగా అడిగింది.

"ఆ ఫైల్లో అలా ఉందని మీకు ముందే తెలుసా సార్?"

"తెలియదమ్మా," అన్నాడాయన. "ఎప్పుడూ తెలియదు. అందుకే చదువుతాను."