నది గడ్డకట్టేలోగా

అనగా అనగా చాలా దూరంలో, ఏడాదిలో సగం మంచు కురిసే ఉత్తర దేశంలో హాదుమార్ అనే రాజు ఉండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఆ దేశాల్లో రాజుల ఇళ్ళల్లో పెళ్ళంటే పిల్లా పిల్లవాడూ నచ్చుకోవడం కాదు, రాజ్యమూ రాజ్యమూ చేతులు కలపడం. పెద్దవాడికి దక్షిణపు రాజు కూతుర్ని చేశాడు, గుర్రపుదండు తోడొస్తుందని. నడిపివాడికి తూర్పు రాజు కూతుర్ని చేశాడు, ఉప్పుగనులకు దారి దొరుకుతుందని. ఇక మిగిలినవాడు చిన్నకొడుకు విటిగార్.

ఆ రాజ్యానికి పడమట పెద్ద నది. నది అవతల అన్సోవాల్డ్ రాజు. పడవల రేవు నాదంటే నాదని ఆ రెండు వంశాలూ తాతల నాటినుంచి కొట్టుకుంటున్నాయి. కొట్టుకుని కొట్టుకుని చివరికి ఇద్దరు రాజులకీ విసుగొచ్చింది.

"నీ కూతురు ఎర్మెలిండను నా చిన్నకొడుక్కియ్యి. రేవు ఇద్దరిదీ అవుతుంది" అని హాదుమార్ కబురంపాడు. అన్సోవాల్డ్ సరేనన్నాడు.

ఈ సంబంధం గిట్టనివాడు ఒక్కడే. వాడు అన్సోవాల్డ్ కొలువులోని మాంత్రికుడు గ్రిమ్మో. రాజులిద్దరూ కొట్టుకు చస్తే రెండు సింహాసనాలూ తనవేనని వాడి ఆశ. పెళ్ళికూతురు పడవెక్కి నది దాటుతుంటే వాడు పొగమంచు కమ్మించాడు. పడవవాళ్ళు మత్తులో పడిపోయారు. వాడు ఎర్మెలిండను ఎత్తుకుపోయి ఏడు సముద్రాల అవతల రాతికోటలో పెట్టాడు. పడవ పెళ్ళికూతురు లేకుండా ఒడ్డు చేరింది; పొగమంచు తప్ప ఏమీ చూడలేదన్నారు పడవవాళ్ళు.

"నా కూతుర్ని చంపేశావు!" అన్నాడు ఆ రాజు.

"అసలు పంపకుండా నాటకమాడుతున్నావు!" అన్నాడు ఈ రాజు.

రెండు ఒడ్లనా సైన్యాలు దిగాయి. నది గడ్డకట్టగానే మంచుమీద నడిచివెళ్ళి ఒకరినొకరు నరుక్కోవాలని కాచుక్కూర్చున్నాయి.

విటిగార్ తండ్రి దగ్గరికి వెళ్ళాడు.

"నాన్నగారూ, ఆమెను నేను వెతికి తెస్తాను."

"ఎక్కడని వెతుకుతావురా?"

"ఆ పొగమంచు ఎటు పోయిందో అటు."

"నది గడ్డకట్టేలోగా వస్తే సరే. ఆ తర్వాత సైన్యాన్ని ఆపడం నా తరం కాదు" అన్నాడు హాదుమార్.

విటిగార్ బయల్దేరాడు. కొంతదూరం పోయేసరికి వలలో చిక్కిన కొంగ కనబడింది. వల కోసి వదిలాడు, అది అతని వెంటే ఎగిరింది. ఇంకొంత దూరం పోయేసరికి మంచుగుంటలో పడ్డ ఎలుక కనబడింది. పైకి తీసి కోటు జేబులో వెచ్చగా పెట్టుకున్నాడు. సముద్రం ఒడ్డుకు పోయేసరికి ఇసకలో కూరుకుపోయిన తిమింగిలం కనబడింది. ఒకపక్క చలి ముదురుతోంది, కాలం మించిపోతోంది. అయినా దాన్ని చావుకు వదిలి వెళ్ళలేక, డాలునే పారగా చేసుకుని కాలవ తవ్వి నీళ్ళలోకి మళ్ళించాడు.

"పొగమంచు ఎటు పోయిందో నేను పైనుంచి చూశాను" అంది కొంగ.

"నా వీపెక్కండి" అంది తిమింగిలం.

"నన్నూ తీసుకెళ్ళండి" అంది ఎలుక.

ఒక సముద్రం దాటారు, రెండు సముద్రాలు దాటారు, ఏడు సముద్రాలూ దాటి రాతికోట చేరారు. నది గడ్డకట్టిందేమో చూసిరావడానికి గ్రిమ్మో రోజూ పొద్దున్నే పొగమంచై వెళ్తాడు. వాడటు పోగానే ఎలుక కోటగోడెక్కి, పైకెత్తి కట్టిన వంతెన తాడు కొరికింది. వంతెన దబ్బున కిందికి దిగింది.

లోపల ఎర్మెలిండ పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. ఆమె ఒళ్ళో, పెళ్ళి శాలువాలో చుట్టిన చిలక ఒకటి గడగడ వణుకుతోంది.

"ఎవరు మీరు?" అంది.

"విటిగార్‌ని. హాదుమార్ చిన్నకొడుకుని."

"అంటే మీ రేవు కోసం వచ్చారన్నమాట."

విటిగార్ తల దించుకున్నాడు. "యుద్ధం ఆపడానికి వచ్చాను. మీరు బతికే ఉన్నట్టు సైన్యాలకు కనబడితే చాలు. పెళ్ళి మీ ఇష్టం."

"నా ఇష్టమేమిటని ఇంతవరకు ఎవరూ అడగలేదు" అంది ఎర్మెలిండ.

అప్పుడు చిలక నోరు విప్పింది. "నేను ఎండదేశపు చిలకను. గ్రిమ్మో తన ప్రాణాన్ని గింజగా చేసి నా గొంతులో పెట్టాడు. మింగలేను, కక్కలేను. వాడు తన నోటితో రమ్మంటేనే అది బయటికొస్తుంది."

విటిగార్ కత్తి పిడిమీద చెయ్యి వేశాడు.

"దాన్ని ముట్టుకుంటే ఊరుకోను! ఈ చెరలో నాకున్న తోడు ఇదొక్కటే" అంది ఎర్మెలిండ. తర్వాత చిలక చెవిలో ఏదో చెప్పింది. విటిగార్ తలుపు చాటున దాక్కున్నాడు.

గ్రిమ్మో చేతులు నలుపుకుంటూ వచ్చాడు. "నది గడ్డకడుతోంది! రేపు పొద్దున్నే మొదలవుతుంది యుద్ధం!"

"నీ యుద్ధం సరే, నీ చిలక చచ్చిపోతోంది చూడు" అంది ఎర్మెలిండ.

చిలక కళ్ళు తేలేసి, ముక్కు తెరిచి గురగురమంటోంది.

"ఏమైంది? ఏమైంది దీనికి?"

"గొంతులో ఏదో అడ్డం పడింది. ఊపిరాడటం లేదు."

చిలక చస్తే తనూ చస్తాడు! గ్రిమ్మో పరుగున వచ్చి చిలక మీదికి వంగాడు. ముందూ వెనకా చూడకుండా "బయటికి రా! బయటికి రా!" అని అరిచాడు. గింజ టక్కున కిందపడింది. విటిగార్ ఒక్క దూకు దూకి దాన్ని కిటికీలోంచి సముద్రంలోకి విసిరాడు. తిమింగిలం నోరు తెరిచి గుటుక్కున మింగేసింది. గ్రిమ్మో కెవ్వుమని, పొగమంచులా విడిపోయి గాలికి చెదిరిపోయాడు.

"అమ్మయ్య!" అంది చిలక గొంతు సవరించుకుని. అక్కడినుంచే తన ఎండదేశానికి ఎగిరిపోయింది.

వాళ్ళు తిమింగిలం వీపుమీద నది చేరేసరికి పొద్దు పొడుస్తోంది. నది తెల్లగా గడ్డకట్టి ఉంది. రెండు వైపులా సైనికులు కత్తులు దూసి మంచుమీద అడుగు పెడుతున్నారు. తిమింగిలం ఆ మంచును ఫెళఫెళా పగలగొట్టుకుంటూ వాళ్ళ మధ్యకు దూసుకొచ్చింది. సైనికులు బెదిరి ఒడ్లకు పరుగెత్తారు.

"నాన్నా! నేను బతికే ఉన్నాను!" అని దాని వీపుమీద నిలబడి అరిచింది ఎర్మెలిండ.

అన్సోవాల్డ్ కిరీటం జారిపోయినా చూసుకోకుండా మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి కూతుర్ని కావలించుకున్నాడు. కత్తులు ఒకటొకటే ఒరల్లోకి వెళ్ళాయి. ఒక ముసలి సైనికుడు ఉన్నచోటే చతికిలబడి, ఏడుస్తూ నవ్వాడు.

"ఇంకేం, పెళ్ళి కానిద్దాం!" అన్నాడు హాదుమార్.

"ఆగండి" అంది ఎర్మెలిండ. "రేవు కోసం నేను పెళ్ళాడను. రేవు సంగతి మీరిద్దరూ ఇప్పుడే, ఇక్కడే తేల్చుకోండి."

రాజులిద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. ఇన్ని తరాలుగా కాని పని ఒక్క ఘడియలో తేలిపోయింది. రేవు ఇద్దరిదీ అని రెండు సైన్యాల ముందూ ప్రమాణం చేశారు.

అప్పుడు ఎర్మెలిండ విటిగార్ వైపు తిరిగింది. "ఇప్పుడు అడగండి."

విటిగార్ అడిగాడు. ఆమె "సరే" అంది.

పెళ్ళి మహా వైభవంగా జరిగింది. కొంగకూ, ఎలుకకూ, తిమింగిలానికీ కడుపునిండా విందు దొరికింది. అన్నలు సంతోషంగా ఒప్పుకోగా, విటిగార్, ఎర్మెలిండ జుట్టు నెరిసేదాకా రెండు రాజ్యాలనూ ఒక్కటిగా ఏలారు. వాళ్ళ ఏలుబడిలో జనం ఎంత చల్లగా ఉన్నారో, ఈ కథ విన్న మీరందరూ అంత చల్లగా ఉండాలి.