జానెడు దాటని జెరేనియం

మదనపల్లె పక్క ఒక ఊళ్ళో ఒక ఇల్లుంది. లోకంలో తెలివి అనేది మొదట తమ ఇంట్లోనే పుట్టిందని, ఇక్కడ మిగిలిపోయిందే ఊరికి పంచారని ఆ ఇంటివాళ్ళ నమ్మకం. గంగులప్ప తాపీమేస్త్రి. నాంచారమ్మ ఆయన పెళ్ళాం. తమ్ముడు ఓబులేసుకు పెళ్ళీ లేదు, పనీ లేదు. ముగ్గురికీ ఒకటే గొప్ప. చెప్పింది చెప్పినట్టు చేస్తారు, వెంట్రుకవాసి ఎక్కువ కాదు, తక్కువ కాదు.

"ఊళ్ళో అందురూ సగం ఇని సగం చేస్తారు. మేమట్ల కాదు" అని నాంచారమ్మ కుళాయి దగ్గర చెప్పుకునేది.

నిజం చెప్పాలంటే ఆ ఇంట్లో బుర్ర పనిచేసేది మేనత్త అలివేలమ్మకు ఒక్కదానికే. పొయ్యి ఆర్పమని చెప్పేది ఆమే, వానొస్తే లోపలికి రమ్మని పిలిచేదీ ఆమే. పాపం, మూడేళ్ళుగా ఆమె కళ్ళకు పొరలు కమ్మాయి. అయినా పొద్దున్నే తడుముకుంటూ కిటికీ దగ్గరికి వెళ్ళి, కుండీలో ఉన్న జెరేనియం ఆకును వేళ్ళతో రాసి, ఆ వేళ్ళను ముక్కు దగ్గర పెట్టుకునేది. అచ్చం రోజాపువ్వు వాసన. చనిపోయిన మొగుడు తన చేత్తో నాటిన మొక్క అది.

కళ్ళ ఆపరేషన్‌కు తిరుపతిలో కూతురి ఇంటికి బయలుదేరుతూ అత్త ముగ్గుర్నీ నిలబెట్టి చెప్పింది.

"రెండు కండ్లూ బాగయ్యేసరికి నాలుగు నెలలు పడతాదంట. ఇంటికొచ్చినాక నేను మొదట చూసేది ఈ మొక్కనే. ఇది మన్ను మీద జానెడు దాటగూడదు. దాటితే కాడలు సాగి పడిపోతాది. మన్ను ఎండినాకనే నీళ్ళు పోయండి. కిటికీ కాడ్నించి తీయొద్దు. కిటికీ కాడ ఏది పెట్టినా వెలుతురు పక్కకే వాలతాది, అందుకని శుక్రవారం శుక్రవారం పావు వంతు తిప్పండి. మొక్క పాడయిందో, నేను కూతురి కాడే ఉండిపోతా. మళ్ళా ఈ గడప తొక్కను."

అత్త రాకపోతే పొయ్యి ఆర్పేదెవరు? ఓబులేసు గబగబా అత్త చెయ్యి చాపించి, జానెడు దారం కొలిచి తెంపి, కిటికీ పక్క మేకుకు తగిలించాడు.

మొదటి నెల బాగానే గడిచింది. రెండో నెలలో నాలుగు వానలు పడ్డాయి. ఓబులేసు దారం పట్టి చూస్తే మొక్క రెండు వేళ్ళు ఎక్కువుంది.

"అన్నా, దాటేసింది. కత్తిరిద్దామా?"

"అత్త కత్తిరించమనిందా?"

"అనలేదు."

"మరి అననిది ఎందుకు చేస్తావురా? సొంత తెలివి వాడితే ఇంతే." గంగులప్ప కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించాడు. "మన్ను మీద జానెడు అనింది. మొక్కను కిందికి దించడం ఎందుకు? మన్నునే పైకి లేపితే సరి."

మొగుడి తెలివికి నాంచారమ్మ కళ్ళు చెమర్చాయి. అంతే. రెండు దోసిళ్ళ మన్ను తెచ్చి కింది ఆకులు మునిగేట్టు పోశారు. దారం సరిగ్గా సరిపోయింది.

వారం తిరిగేసరికి మొక్క మళ్ళీ దాటింది. మళ్ళీ మన్ను పోశారు. కుండీ నిండి మన్ను కారుతుంటే ఓబులేసు ఒక నూనె డబ్బాకు అడుగు కోసేసి, మొక్కకు చొక్కా తొడిగినట్టు పైనుంచి దించాడు. ఆ డబ్బా నిండింది. ఇంకేముంది, దాని మీద ఇంకో డబ్బా, దాని మీద ఇంకోటి. నాంచారమ్మ నూనెను చెంబుల్లోకి, చెంబుల్లో నీళ్ళను బిందెల్లోకి, బిందెల్లో బియ్యాన్ని మంచం మీదికి మార్చింది. ఆ రోజు నుంచి అందరూ నేల మీద పడుకున్నారు.

శుక్రవారం వస్తే ముగ్గురూ డబ్బాల వరుసను వాటేసుకుని పావు వంతు తిప్పేవాళ్ళు. ఒక్కోసారి పై డబ్బా తిరిగేది, కిందిది తిరిగేది కాదు. అప్పుడు కిందిదాన్ని బతిమాలేవాళ్ళు.

కిటికీ మొత్తం డబ్బాలతో మూసుకుపోయింది. ఇంట్లో పట్టపగలే దీపం. మొక్క కిటికీని దాటి పైగోడ దగ్గరికి చేరింది.

"కిటికీ కాడ్నించి తీయొద్దనింది కదా అత్త. ఇప్పుడు మొక్క యాడో, కిటికీ యాడో" అంది నాంచారమ్మ భయంగా.

గంగులప్ప తాపీ తీశాడు. మేస్త్రి కదా, ఇట్లాంటప్పుడు కాకపోతే ఇంకెప్పుడు? ఉన్న కిటికీని పెకలించి, ఆ సందును ఇటుకలతో కట్టేసి, పైకప్పు కింద కొత్తగా కన్నం కొట్టి కిటికీని అక్కడ బిగించాడు. పని నున్నగా కుదిరింది.

ఆదివారం ఆదివారం అత్త ఫోన్ చేసేది.

"మొక్క ఎంతుందిరా?"

"జానెడే అత్తా. నీ దారమే సాక్షి" అనేవాడు ఓబులేసు.

"కిటికీ కాడే ఉందా?"

"కిటికీనే మొక్క కాడ ఉంది."

"నా నాయనే" అని మురిసిపోయేది అలివేలమ్మ. మొదటిసారి వీళ్ళకు ఒక పని అప్పగించి నిశ్చింతగా నిద్రపోతున్నానని కూతురితో కూడా చెప్పిందట.

నాలుగు నెలలు నిండాయి. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని అత్త ఆటో దిగింది. ఎవరి పలకరింపూ వినకుండా నేరుగా కిటికీ దగ్గరికి నడిచింది. అక్కడ గోడ ఉంది. గోడకు ఆనుకుని తుప్పు పట్టిన డబ్బాలున్నాయి. అద్దాలు తీసి చూసింది. అయినా గోడే.

"నా మొక్క యాడరా?"

ముగ్గురూ గర్వంగా పైకి చూపించారు. కప్పు కింద, చేతికందనంత ఎత్తులో నాలుగు ఆకులు కనిపించాయి. ఓబులేసు నిచ్చెనెక్కి దారం పట్టి మరీ చూపించాడు. "వెంట్రుకవాసి ఎక్కువ లేదత్తా."

అలివేలమ్మ కళ్ళు ముందు మొక్కను వెతికాయి, తర్వాత తన సంచిని వెతికాయి. సంచి భుజానికి తగిలించుకోగానే ఓబులేసు నిచ్చెన మీదే బావురుమన్నాడు.

"పోవద్దత్తా. నువ్వు చెప్పిందే చేసినాము. నువ్వు పోతే మాకు చెప్పేదెవురు?"

అత్తకు కోపం వచ్చింది, నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నవ్వే గెలిచింది. ఇట్లాంటి వాళ్ళను వదిలి ఎక్కడికని పోతుంది? సంచి కింద పెట్టి కత్తెర తెప్పించింది.

"కొస నుంచి జానెడు కొమ్మ కోసుకురా. కింది ఆకులు తీసేయి. చిన్న కుండీలో గుచ్చు. నెలకు వేరు పడతాది. ఇంక మీదట దాటితే కత్తిరించండి, మన్ను పోయొద్దు. నువ్వు గంగులప్పా, నా కిటికీ ఎక్కడిదాన్ని అక్కడ పెట్టు."

ఈసారి అన్నీ చెప్పినట్టే జరిగాయి. గురువారానికి కిటికీ దిగొచ్చింది. చిన్న కుండీలో కొమ్మ నిటారుగా నిలబడింది. శుక్రవారం పొద్దున అత్త కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, ముందుకు వంగి, ఆకు అంచుల్లోని ముడతలను ఒక్కొక్కటిగా చూసుకుంటోంది. వేళ్ళకు అదే వాసన. మూడేళ్ళకు కంటికి కనిపించిన మొక్క. ఆమెకు కడుపు నిండిపోయింది.

గుమ్మంలోంచి ముగ్గురూ చూశారు.

"అత్త వెలుతురు పక్కకు వాలతా ఉంది" అన్నాడు ఓబులేసు.

"కిటికీ కాడ ఏది పెట్టినా అనింది కదా. ఈ పొద్దు శుక్రవారమే" అన్నాడు గంగులప్ప.

అంతే. ముగ్గురూ వెళ్ళి కుర్చీని అత్తతో సహా ఎత్తి, పావు వంతు తిప్పి, గోడకు ఎదురుగా నిలబెట్టారు. మూడడుగుల దూరంలో నున్నటి సున్నపు గోడ తప్ప అత్తకు ఇంకేం కనిపించలేదు.

"ఏందిరా ఇది?"

నాంచారమ్మ ప్రేమగా అత్త భుజాలు సర్ది, వీపు నిటారుగా నిలబెట్టింది.

"ఇంకా మూడు శుక్రవారాలు ఓర్చుకో అత్తా. మళ్ళా మొక్క పక్కకే వస్తావు."