తలపాగాల కొలువు

ఏటి ఒడ్డున ఒకప్పుడు ఒక రాజ్యం ఉండేదట. దాన్ని ఏలే రణధీరవర్మకు పనులు ఎలా సాగుతున్నాయన్న దానికన్నా కొలువు కళకళలాడుతోందా లేదా అన్నదే బెంగ.

వరదకు కోట గోడ కూలినప్పటి నుంచి ఆస్థాన లేఖకులు ఇళ్లలోనే కూర్చుని తాఖీదులు రాసి పంపేవారు. ఏ పనీ ఆగలేదు. గోడ మళ్లీ లేచాక ఖాళీ పీటలు చూసి రాజుగారికి ఒళ్లు మండింది. లేఖకులందరూ పొద్దు పొడవక ముందే వచ్చి, దీపాలు పెట్టాకే వెళ్లాలని చాటింపు వేయించాడు.

లేఖకుల సంఘానికి పెద్ద తిప్పన. అతను ఇంట్లో రాసుకునే రోజుల్లో కూతురు గౌరి నాన్న వీపుకు వీపు ఆనించి కూర్చునే మాటలు నేర్చింది. ఇప్పుడు అతను వెళ్లేటప్పుడూ ఆ పిల్ల నిద్రలోనే, వచ్చేటప్పుడూ నిద్రలోనే. కొలువులో గంటం పట్టుకున్నంతసేపూ తిప్పనకు వీపు వెలితిగా ఉండేది.

సంఘం కూడింది. గంటాలు కింద పెట్టేద్దామన్నారు కొందరు.

"వద్దు. రాజుగారిని తోటకు వెళ్లనివ్వండి" అన్నాడు తిప్పన.

రాజుగారు మనవరాలిని చూడటానికి తరచూ తోటబంగళాకు వెళ్తారు. అప్పుడు సింహాసనం మీద ఆయన కత్తి ఉంచి, దానికే దణ్ణం పెట్టి కొలువు నడపడం అక్కడి ఆచారం.

ఈసారి ఆయన తిరిగొచ్చేసరికి పీట పీటకీ ఒక తలపాగా ఉంది. లేఖకుల్లో మనిషన్నవాడు తిప్పన ఒక్కడే.

"ఏరయ్యా మిగతావాళ్లు?"

"అందరూ కొలువులోనే ఉన్నారు ప్రభూ" అని తిప్పన తలపాగాలు చూపించాడు.

"వేళాకోళమా? తలపాగాలు రాస్తాయా?"

"కత్తి ఏలుతోంది కదా ప్రభూ. ఏలినవారు తోటలో ఉన్నా ఏలుబడి ఆగలేదు. మావాళ్లు ఇళ్లలో ఉన్నా రాత ఆగలేదు. ఇవాళ్టి తాఖీదులన్నీ అప్పుడే వచ్చేశాయి."

రాజు మీసం దువ్వాడు. "నాకు తోటలో పని ఉంటుంది."

"ఏం పని ప్రభూ?"

రాజుగారి గొంతు తగ్గింది. "మా పాప గుమ్మంలో కాచుకుని ఉంటుంది. నా మీసం లాగందే అన్నం తినదు."

"మా పాపా అలాగే కాచుకునేది. మొన్న పండగనాడు పట్టపగలు నన్ను చూసి, ఎవరో అనుకుని తల్లి చాటుకు పోయింది."

రాజు సింహాసనం మీది కత్తిని చూశాడు. పీటల మీది తలపాగాలు చూశాడు. చివరికి పొట్ట పట్టుకుని నవ్వాడు. తన పట్టు తలపాగా తీసి తిప్పన పీట మీద పెట్టాడు.

"నీ బదులు ఇది కూర్చుంటుంది, నువ్వు ఇంటికి పో. ఇకమీదట పిలిచిననాడే రమ్మని మీవాళ్లకూ చెప్పు."

తిప్పన ఇల్లు చేరేసరికి ఇంకా ఎండ ఉంది. గౌరి తల్లి చాటు నుంచే చూసింది. అతను పిలవలేదు. పాత చోటునే, పిల్లవైపు వీపు పెట్టి కూర్చుని, తాటాకు అందుకుని రాయడం మొదలుపెట్టాడు. చాలాసేపటికి వీపుకు ఒక చిన్న బరువు ఆనింది.

ఆ పూట రాసిన తాఖీదు వంకర టింకరగా వచ్చినా రాజుగారు ఏమీ అనలేదట.